కాళ్లు కడిగిన తాంబాళం

చదివే అక్కలకు, అన్నలకు దండం. నేను అక్షరాలు పట్టుకున్నది తల నెరిసిన తర్వాత. ఒత్తు ఉండాల్సిన చోట లేకపోయినా, దీర్ఘం ఎక్కువ సాగినా మీరే సరిచేసుకొని చదువుకోండి. చేయి నిదానం కాబట్టి ఈ వారం భాగం కూడా ఆలస్యంగానే చేరింది. మన్నించాలి. ఇక సుగుణ ఇంటికి పోదాం.

*

"దొరికిందా వదినా?"

ఫోన్ ఎత్తగానే పద్మలత అడిగే మాట అదొక్కటే అయింది. సుగుణ భర్త మల్లికార్జున్‌కు చెల్లెలు ఆమె. బిడ్డ దీప పెళ్లి దగ్గరపడింది. అల్లుడి కాళ్లు కడగడానికి అన్న ఇంట్లోని పెద్ద ఇత్తడి తాంబాళం కావాలంది. అడిగిన నాడే అది అటక మీద లేదని బయటపడింది.

"లేదు పద్మా. అటకంత దింపి చూసిన," అంది సుగుణ.

"అటకల ఏముంటది? పోయిన మనిషిని అడగాలె. పరకాలకు పోయి జర గట్టిగ అడిగితె అదే బయటికొస్తది."

సుగుణ ఫోన్ పెట్టేసింది.

పోయిన మనిషంటే రాజక్క. కొడుకు చైతన్య పాకే వయసు నుంచి ఈ ఇంట్లో అంట్లు తోమింది, ఇల్లు ఊడ్చింది. చివరిసారి అటక దులిపింది కూడా ఆమే. ఆ ఒక్క ఆధారం మీద సుగుణ ఆమెను వాకిట్లో నిలబెట్టి దొంగ అంది. గల్లీ అంతా విన్నది. మల్లికార్జున్ గుమ్మంలో నిలబడి విన్నాడు. చైతన్య, కోడలు హారిక కిటికీ వెనక నుంచి విన్నారు.

రాజక్క ఏడవలేదు. చీపురు గోడకు ఆనించి, కొంగు దోపుకొని, ఒక్క మాట అని పరకాలకు పోయింది.

"సమ్మక్క మీద ఒట్టు సుగుణమ్మా, నేను ముట్టలె. ముట్టినోళ్ల చెయ్యి అన్నం దాక పోదు, చూస్తుండు."

అప్పటి నుంచి ఆ మాట సుగుణ చెవిలో దూరిన చీమలా మెదులుతూనే ఉంది. అంట్లు తోముకుంటున్నప్పుడు మరీ ఎక్కువ.

ఆ పొద్దున టిఫిన్ల దగ్గర హారిక ఫోన్ పట్టుకొని కూర్చుంది. శనివారం వాళ్ల పెళ్లిరోజు.

"హైదరాబాద్‌ల ఒక్కసారన్న పోవాల్సిన హోటళ్లట అత్తమ్మా. ఇగో, ఇది చూడుండ్రి. ఇరవయ్యో అంతస్తుల ఉన్నది. కింద హుస్సేన్‌సాగర్ మొత్తం కనిపిస్తది."

"అన్నం తినుకుంట కిందికి చూస్తె కండ్లు తిరుగయా?" అన్నాడు మల్లికార్జున్, పేపర్ దించకుండానే.

"అయితె ఇది. నవాబుల కాలం బంగ్లా. తెల్ల గ్లౌజులు ఏసుకొని వడ్డిస్తరట. ఒక్కొక్కటే తెచ్చి పెట్టుకుంట పోతరట, తినుడు అయ్యేసరికి పొద్దు గూకుతదట. ఇంకోటి ఉన్నది, కటిక చీకట్ల కూసోబెట్టి పెడ్తరు. ఏం తింటాన్నమో మనకే తెల్వది."

"దానికి హైదరాబాద్ దాక ఎందుకు?" అన్నాడు చైతన్య. "కరెంటు పోయిన్నాడు మనింట్ల అదే గద."

అందరూ నవ్వారు. రాజక్క పోయాక ఆ ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదలు. నవ్వుతూనే హారిక ఫోన్‌ను అత్త ముందుకు జరిపింది.

"ఇది జూబ్లీహిల్స్‌ల. పేరు దాలి. అంత మన దిక్కు తిండేనట, పూర వెజ్. పాత ఇత్తడి సామాన్లల్ల పెడ్తరట. వీడియో చూడుండ్రి."

పాలు కాగబెట్టే దాలి పేరును హోటల్‌కు పెట్టుకున్నారా అని సుగుణకు నవ్వు రాబోయింది. వచ్చే నవ్వు మధ్యలోనే ఆగింది.

వీడియోలో ఒక పెద్ద తాంబాళం. దాని నిండా గారెలు, సకినాలు, సర్వపిండి ముక్కలు. వాటి మీద పూల రెక్కలు. అంచు దగ్గర అర్ధచంద్రంలా తెల్లగా ఒక మాటు.

ఆ మాటు వేయించింది సుగుణ తండ్రి ఉప్పలయ్య. తొర్రూరులో ఆమె పెళ్లినాడు, మల్లికార్జున్ కాళ్లు కడిగి లేస్తుంటే ఆయన తడిచేతుల్లోంచి తాంబాళం జారి బండ మీద పడింది. అంచు చీలింది. అపశకునమని ముసలమ్మలు గొణిగారు. ఉప్పలయ్య అప్పటికప్పుడు మాటు వేసేవాణ్ని పిలిపించి చీలిక అతికించాడు. "అతికిచ్చిందే గట్టిగుంటది బిడ్డా" అని అదే తాంబాళం ఆమెతో పంపాడు. తర్వాత ఈ ఇంటి ఆడపిల్లల పెళ్లిళ్లన్నిటికీ అల్లుళ్ల కాళ్లు కడిగింది అందులోనే.

"అత్తమ్మా, బాగలేదా?"

నోటి దాకా వచ్చిన మాటను సుగుణ మింగింది. రాజక్కే తీసి ఉంటే పరకాల పాతసామాన్ల వాడి దాకా పోతుంది గాని, జూబ్లీహిల్స్ దాకా ఎట్లా పోతుంది? ఇంటి తాళం ఎవరూ పగలగొట్టలేదు. బయటివాళ్లు అటక ఎక్కలేదు. ఇక మిగిలింది ఈ బల్ల చుట్టూ కూర్చున్న ముగ్గురు.

"ఈ హోటల్‌కే పోదాం. నేనూ వస్త," అంది.

అని ముగ్గురి మొహాలూ చూసింది.

హారిక గబుక్కున ఫోన్ వెనక్కి తీసుకుంది. "మీరొస్తరా? నిజంగనే?"

"బయట మంచినీళ్లు గూడ తాగవు గదమ్మా నువ్వు," అన్నాడు చైతన్య. "ఇయ్యాల ఏమొచ్చింది?"

మల్లికార్జున్ పేపర్ మడిచాడు. "అది గాకుంట ఇంకోటి చూడుండ్రి. అక్కడ బండి పెట్టేటందుకు జాగ ఉండదు."

"మీరెప్పుడు పోయిన్రు అక్కడికి?"

"జూబ్లీహిల్స్‌ల ఏడుంటది జాగ?" అని ఆయన లేచి చెప్పులేసుకున్నాడు.

ముగ్గురి మాటల్లోనూ సుగుణకు ముల్లే కనిపించింది. అనుమానమంతే. ఇంట్లోకి రానిస్తే చాలు, ఎవరి పక్కనంటే వాళ్ల పక్కన చాప పరుచుకొని కూర్చుంటుంది.

*

శుక్రవారం భద్రకాళి గుడికని చెప్పి సుగుణ వరంగల్ చౌరస్తాలో ఆటో దిగింది. వాళ్ల దుకాణం అక్కడే. పాత ఇత్తడి తీసుకొని కొత్త స్టీలు సామాన్లు ఇచ్చే దుకాణం.

మల్లికార్జున్ లేడు. ఒక ముసలామె తెచ్చిన బిందెను ఒళ్లో పెట్టుకొని, మెడ దగ్గర కొట్టించిన పేరును చైతన్య ఆకురాయితో అరగదీస్తున్నాడు. పేరున్న సామాను అట్లాగే ఇంకొకరికి ఇస్తే ఆ ఇంటి లక్ష్మిని అమ్మినట్టని మల్లికార్జున్ తండ్రి నాటి కట్టుబాటు. ఎంత గిరాకీ ఉన్నా ముందు పేరు తీయాల్సిందే. ముసలామె మొహం రోడ్డు వైపు తిప్పుకొని నిలబడింది.

"హైదరాబాద్ నుంచి పాత సామాన్లకు ఎవరన్న వస్తాండ్రా?" అని అడిగింది సుగుణ.

ఆకురాయి ఆగింది. "వస్తాండ్రు. హోటళ్లకు అందం కోసం సజావట్ చేసేటోళ్లు. ఎంత పాతదైతె అంత ఇష్టం వాళ్లకు. సొట్ట ఉంటె ఇంక ఇష్టం. ఎందుకు?"

"ఊకెనే."

"గుడికని చెప్పి చౌరస్తాకొచ్చినవు. అడిగితె ఊకెనే అంటానవు." చైతన్య గొంతు తగ్గించాడు. "నా మీద అనుమానమా అమ్మా?"

"నీ మీద ఎందుకుంటదిరా?"

"రాజక్కను ఎళ్లగొట్టిన కాన్నుంచి అందరి దిక్కు అట్లనే చూస్తానవు. నిన్న హారిక గూడ అన్నది. అత్తమ్మ నా చేతుల దిక్కు చూస్తాంది, నేనేమన్న దాచిపెట్టిన్నా అని."

"అన్నదా? మరి నువ్వేమన్నవు?"

వాడు కళ్లు దించుకున్నాడు. మళ్లీ ఆకురాయి అందుకున్నాడు. సుగుణ మెట్లు దిగింది. కొడుకు కళ్లు దించుకున్నది పని కోసమా, తన కోసమా? ఆటో హనుమకొండలోని ఇల్లు చేరేదాకా అదే ఆలోచన. భద్రకాళికి రోడ్డు మీది నుంచే దండం పెట్టింది.

*

శనివారం పొద్దున కారులో మాటలు తక్కువ. హారిక పాట పెట్టింది. మల్లికార్జున్ తలనొప్పి అన్నాడు. పాట ఆగింది. జనగామ దగ్గర చాయ్‌కి దిగితే ఆయన ఒక్కడే చాయ్ తాగాడు. బిస్కెట్ ఇస్తే వద్దన్నాడు.

"ఇప్పుడన్న వేరే హోటల్ చూస్తె అయిపోతది," అన్నాడు, గ్లాసులోకి చూస్తూ.

"బుక్ చేసినం మామయ్యా. పెద్ద తాంబాళం గూడ ముందే చెప్పి పెట్టిన. అది ఒక్కటేనట వాళ్ల దగ్గర. ముందు అడిగినోళ్లకే ఇస్తరట."

"మంచి పని చేసినవు," అంది సుగుణ.

హోటల్ ముందు బండ్లు పెట్టేందుకు కావలసినంత జాగా ఉంది. యూనిఫారం వేసుకున్న మనిషి పరుగున వచ్చి తాళం తీసుకొని కారును తానే తోలుకుపోయాడు. సుగుణ భర్త వైపు చూసింది. ఆయన అప్పటికే మెట్లెక్కుతున్నాడు.

లోపల చల్లగా, సాంబ్రాణి వాసన. గోడల నిండా గరిటెలు, చెంబులు, పూజ గంటలు వేలాడుతున్నాయి. ఏ ఇంటివో, ఎవరి పేర్లు తీసినవో. పక్క బల్ల దగ్గర ఎవరో జొన్నరొట్టెను కత్తితో కోసుకొని తింటున్నారు.

"నాకు ఒక్కపొద్దు," అంది సుగుణ కూర్చోగానే. "మీరు తినుండ్రి. చూస్త."

"అయ్యో అత్తమ్మా, ఇంత దూరమొచ్చి?"

"చూసేటందుకే వచ్చిన."

తాంబాళం వచ్చింది. నల్ల కోటు వేసుకున్న మనిషి రెండు చేతులతో మోసుకొచ్చి బల్ల మధ్యలో పెట్టాడు. సర్వపిండిని బిళ్లలంత చేసి పేర్చారు. సకినాలను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టారు. మాటు సరిగ్గా సుగుణ వైపే ఉంది. తండ్రి చేయి జారిన చోటు.

"ఇది చాలా స్పెషల్ అండి," అన్నాడు ఆ మనిషి. "వరంగల్ వైపు ఒక పాత కుటుంబానిది. పూర్వం కొత్త పెళ్లికొడుకుకి మొదటి ముద్ద ఇందులోనే పెట్టేవారట."

"మాది గూడ వరంగలే," హారిక సంబరపడింది.

"ఎవరు చెప్పిన్రు బాబూ ఆ ముచ్చట?" అని అడిగింది సుగుణ.

"మావాళ్లు చెప్పారు మేడమ్. ప్రతి టేబుల్‌కీ చెప్తాం." నవ్వి వెళ్లిపోయాడు.

సుగుణ చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆమె రోజులుగా దాచుకున్న పరీక్ష ఇదే. ఇది ఏ తాంబాళమో తెలిసినవాళ్లు ఇందులోంచి తినలేరు. కాళ్లు కడిగిన నీళ్లు పడిన పళ్లెంలో తమవాళ్లెవరూ అన్నం ముట్టరు. తెలియనివాళ్లు హాయిగా తింటారు.

హారిక ఫొటో తీసి, సకినం విరిచి నోట్లో వేసుకుంది. ఇంకొకటి తీసింది. పచ్చడి తాంబాళం అంచుకంటితే వేలితో తీసి నాకింది. సుగుణ మనసులోంచి ఒక బరువు దిగింది. ఈ పిల్ల కాదు.

చైతన్య రెండు గారెలు తిన్నాడు. సర్వపిండి బిళ్లను తాంబాళం మీదే పచ్చడిలో అద్దుకున్నాడు. "మంచిగనే ఉన్నది. కని రాజక్క పెట్టేదాని ముందట..." అని ఆగిపోయాడు. నమలడం కూడా ఆగింది. కాసేపటికి మళ్లీ తినసాగాడు. వీడూ కాదు.

వీడు కాడని తేలినందుకు సంతోషించాలో వద్దో తెలియలేదు. సుగుణ మెల్లగా తల తిప్పింది.

మల్లికార్జున్ చేతులు బల్ల కిందే ఉన్నాయి.

"తినుండ్రి."

"ఆకలి లేదు."

"పొద్దుగాల చాయ్ తప్ప ఏం ముట్టలేదు మీరు."

"కడుపుల బాగలేదు సుగుణా."

"ఒక్క గారె. మీకిష్టం గద." తాంబాళంలోంచి తానే ఒక గారె తీసి ఆయన ముందు పెట్టింది.

ఆయన చేయి బల్ల మీదికి వచ్చింది. గారె వైపు పోయింది. పోయి, పక్కనున్న నీళ్ల గ్లాసు పట్టుకొని అక్కడే ఉండిపోయింది.

ముట్టినోళ్ల చెయ్యి అన్నం దాక పోదు.

సుగుణ తాంబాళాన్ని తన వైపు లాక్కుంది. మిగిలినవన్నీ కొడుకు ప్లేటులోకి ఒంపి దాన్ని బోర్లించింది. అడుగున ఉప్పలయ్య అని పేరు కొట్టించి ఉండాల్సిన చోట ఇత్తడి కొత్తగా మెరుస్తోంది. మెరుపు నిండా ఆకురాయి గీతలు.

"ఏందమ్మా ఇది?" అన్నాడు చైతన్య.

"మీ డాడీ కాళ్లు కడిగిన తాంబాళం."

హారిక నోట్లోని సకినం నోట్లోనే ఆగింది. చైతన్య తన వేళ్ల వైపు, తండ్రి పాదాల వైపు చూసుకున్నాడు. "అంటె ఇప్పటిదాక నేను తిన్నది..."

"నాయిన కాళ్లే కదరా. పుణ్యమే," అంది సుగుణ. ఆమె కళ్లు భర్త మీది నుంచి కదల్లేదు. "దొంగైతె పేరు తీసేదాక ఆగుతడా? మన దుకాణపోళ్లే తీస్తరు."

మల్లికార్జున్ నీళ్ల గ్లాసు వదిలాడు. తర్వాత అన్నది ఇది.

"ఆ మొదటి ముద్ద కత నేను చెప్పలె. వాళ్లే అల్లుకున్నరు."

హారిక మెల్లగా నాప్‌కిన్‌తో నోరు తుడుచుకుంది.

"హోటలోళ్లు పెద్దది ఒకటి కావాలన్నరు," అన్నాడాయన. "మాట ఇచ్చిన. దుకాణంల లేదు. ఇంట్ల పడే ఉన్నది గద, ఇంకోటి దొరికితె మార్చి తెచ్చి పెడ్త అనుకున్న. పద్మ గింత తొందరగ అడుగుతదని నాకేం తెలుసు?"

"అడిగిన్నాడు చెప్పొచ్చు గద."

"ఎట్ల చెప్త? నేను నోరు తెరిచేలోపల నువ్వు రాజక్కను వాకిట్ల నిలబెట్టినవు. గల్లీ అంత జమయింది. అందరి ముందట నిన్ను అబద్ధపుదాన్ని చెయ్యాల్నా?"

"అందుకని దాన్ని దొంగను చేసిన్రు."

"అన్నది నువ్వు."

ఆ మాట బల్ల మీద అట్లాగే ఉండిపోయింది. సుగుణ దాన్ని తోసేయలేదు. తోసేయడానికి లేదు కూడా. నోరు తనది. దొంగ అన్న మాట తనది.

"అవు, అన్నది నేనే," అంది. "నేనన్న. మీరు విన్నరు. తెలిసి విన్నరు."

"మెల్లగ మాట్లాడు. జనం చూస్తాండ్రు."

"రాజక్కను గూడ చూసిన్రు జనం."

"ఇంటికి పోయినంక మాట్లాడుదాం. దీన్ని అడిగి వాపస్ తీసుకుపోదాం. పరకాలకు ఎవర్నన్న పంపి, దొరికిందని చెప్పిస్త. అటక మీదనే ఉండె, కనపడలె అని చెప్దాం. అందరికి మర్యాద."

"అందరికంటె ఎవరికి?" అంది సుగుణ.

చైతన్య కుర్చీ వెనక్కి జరిపాడు. "డాడీ, ఆమె నన్ను ఎత్తుకొని పెంచింది." తండ్రి కొడుకు వైపు చూడలేదు.

సుగుణ కొంగులోంచి ఫోన్ తీసింది. పేర్లు చదవడం ఆమెకు నిదానం. అయినా ఆ పేరు వెతకనక్కర లేదు. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి పాలు వచ్చినయా అని అడిగిన పేరు అది.

"సుగుణా, వద్దు."

ఆమె వత్తింది. స్పీకర్ పెట్టి, ఖాళీ తాంబాళాన్ని వెల్లకిలా తిప్పి, అందులో ఫోన్ పెట్టింది. రింగు ఇత్తడి మీద ఖంగున మోగింది. పక్క బల్లవాళ్లు తల తిప్పారు.

"ఎవరూ?" అంది అవతల గొంతు. తర్వాత, "సుగుణమ్మా? పాణం మంచిగున్నదా? గొంతు సప్పుడు లేదేంది?"

సుగుణ ఫోన్ మీదికి వంగింది. దొంగ అని పంపిన మనిషి ముందు తన పాణం అడుగుతోంది.

"రాజక్కా, నేనే. మంచిగనే ఉన్న." కొంగుతో మూతి తుడుచుకుంది. "నిన్ను అనరాని మాటన్న. తప్పయింది. గల్లీ ముందట అన్న, గల్లీ ముందటనే చెప్త. తాంబాళం దొరికింది."

అవతల ఎవరో పిల్ల ఏడుస్తోంది. బస్సు హారన్ వినిపించింది. రాజక్క ఊపిరి కూడా వినిపించింది.

"దొరికిందా? నా తల్లి సమ్మక్క," అంది చివరికి. ఆ మాట తర్వాత నిదానంగా అడిగింది. "ఎవరి దగ్గర దొరికిందమ్మా?"

సుగుణ ఫోన్‌ను అందులోనే ఉంచింది. రెండు చేతులతో తాంబాళాన్ని పట్టుకొని, మాటు ఆయన వైపు తిరిగేలా బల్ల మీది నుంచి భర్త ముందుకు జరిపింది.

"అమ్మా, ఉన్నవా? ఎవరి దగ్గర?"

మల్లికార్జున్ తాంబాళంలోకి చూశాడు. ముట్టని గారె పక్కనే ఉంది. ఆయన పెదవులు కదిలాయి.

— వేముల సమ్మమ్మ, వయసు అరవై ఎనిమిది, ఇప్పుడు ఉంటున్నది తొర్రూరులో, చిన్నబిడ్డ ఇంట్లో.